బస్సు బిళ్ళ

వానలు వెనకపట్టిన నెలలో ఆళ్లగడ్డలో ఆ వీధికి జ్వరం వచ్చింది. ఒక మనిషికి కాదు, వీధికి వీధికే.

మురుగు కాలువ తీసేవాడు రాలేదు. శిల్పాల కొట్టాల ముందు రాళ్లు తడపడానికి పెట్టుకున్న తొట్లలో నీళ్లు నిలిచిపోయాయి. దోమకు అంతకంటే ఏం కావాలి? చూస్తుండగానే వీధి నడుం వంగింది. పొద్దున బయటికొచ్చిన ప్రతి మనిషీ గోడ పట్టుకునే వచ్చాడు. ఉలి పట్టేవాళ్లు ఉలి వదిలేశారు. టీ అంగట్లో గ్లాసును రెండు చేతులతో పట్టుకుని పసిపిల్లల్లా తాగారు. రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లకు చికున్‌గున్యా అని వచ్చింది. చేయించుకోలేనివాళ్లు మాకూ అదేలే అనుకున్నారు.

దీపావళికల్లా వీధి మెల్లగా లేచి నిలబడింది. ఉలి చప్పుడు మళ్లీ మొదలైంది. హుమేరా చేతులు మాత్రం లేవలేదు.

హుమేరా గాజులు తొడుగుతుంది. ఇంటి ముందు గది ఆమె అంగడి. పెళ్లి ఉన్నా, శ్రీమంతం ఉన్నా గాజుల పెట్టె సంకన పెట్టుకుని ఇళ్లకు పోతుంది. గాజు తొడగడం అంటే అమ్మడం కాదు. ఎదుటి మనిషి బొటనవేలిని అరచేతిలోకి మడవాలి, వేళ్ల మొదళ్లను దగ్గరికి నొక్కాలి, ఆమె మాటల్లో పడి చెయ్యి మెత్తబడిన క్షణం చూసి గాజును జార్చాలి. ఆ నొక్కుడు హుమేరా వేళ్లలో ఉండేది. ఆళ్లగడ్డలో సగం మంది పెళ్లికూతుళ్లు ఆ నొక్కుడికి కళ్లు మూసుకున్నవాళ్లే.

ఇప్పుడు తెల్లవారి లేస్తే ఆమెకు పిడికిలి పడదు. పిండి కలపలేదు. రవిక కొక్కాలు పెట్టుకోలేదు. ఆటో తోలే మొగుడు జిలాని, బాడుగకు పోయేముందు జగ్గుతో నీళ్లు పోస్తే మొహం కడుక్కుని, అతను కొక్కాలు పెడితే గుమ్మంలోకి వచ్చేది. ఎండ నడినెత్తికి వస్తే వేళ్లు కొంచెం వదిలేవి. ఒక చేతిలో ఏ కణుపు వాచిందో రెండో చేతిలోనూ అదే కణుపు వాచేది.

"గున్యా నొప్పులు అంతేలే. ఆర్నెల్లు ఉంటాయి, ఏడాది ఉంటాయి. అందరికీ లేవా ఏందీ?" అంది వీధి.

అందరికీ అనే మాటంత చెడ్డమాట ఇంకోటి లేదు. అందరికీ ఉన్న నొప్పి చాటున ఒక్క మనిషికి వచ్చిన రోగం దాక్కుంటే దాన్ని వెతికేదెవరు?

వీధి మొనలో జీవరత్నం ఉన్నాడు. చదువుకున్న డాక్టరు కాదు. ఎప్పుడో కాంపౌండరు పని చేసి, తర్వాత సొంతంగా సూదిమందు పెట్టె పట్టుకున్నాడు. తిట్టేవాళ్లు తిట్టుకోవచ్చు గానీ జ్వరం రోజుల్లో వీధిలో ప్రతి మంచం దగ్గరికీ వచ్చింది ఆయనొక్కడే. ఆయన దగ్గర ఒక చిన్న తెల్ల బిళ్ళ ఉంది. కాగితంలో చుట్టి ఇస్తాడు. పేరు చెప్పడు. వేసుకున్న పూటకల్లా వాపు దిగుతుంది, నొప్పి పోతుంది, మనిషి మనిషిలా కూర్చుంటాడు. కోర్టు వాయిదాకు పోవాలన్నా, మహానందికి పోవాలన్నా, చావు పలకరింపుకు పోవాలన్నా, బస్సులో కూర్చోవాలి కదా. అందుకని ఆ వీధిలో దాన్ని బస్సు బిళ్ళ అంటారు.

హుమేరా దాన్ని రోజూ వేసుకునేది కాదు. తొడిగే పని ఉన్నప్పుడు, ఊరికి పోయేటప్పుడు. అంతే.

నంద్యాలలో కీళ్లకు ప్రత్యేకంగా చూసే డాక్టరమ్మ ఒకామె ఉందని తెలిసి జిలాని భార్యను తీసుకుపోయాడు. పేదవాళ్లు డాక్టరు దగ్గరికి పోవడం అంటే చుట్టాలింటికి పోయినట్టే. తలంటుకుంది. ఇస్త్రీ చీర కట్టి పైన బురఖా వేసుకుంది. గోళ్లకు పాత గోరింటాకు ఉంటే బాగుండదని మళ్లీ పెట్టుకుంది. బస్సులో కూర్చోవాలి కాబట్టి పొద్దున్నే బిళ్ళ వేసుకుంది. మాసిన బట్టతో, వాచిన చేతులతో పెద్దమనుషుల ముందు కూర్చోవడం మర్యాద కాదని ఆమెకు ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చింది. మనవాళ్లు రోగాన్ని కూడా మొహం కడిగి తీసుకుపోతారు.

డాక్టర్ ఇంద్రజ వేళ్లన్నీ నొక్కింది. ఎక్కడా వాపు లేదు. నొక్కితే నొప్పీ లేదు. "జ్వరం తర్వాతి నొప్పులమ్మా. చాలామందికి నెమ్మదిగా తగ్గిపోతాయి. తగ్గకపోతే మళ్లీ రా" అని పంపించింది.

ఊరికొచ్చేసరికి ఆ మాట "డాక్టరమ్మ ఏమీ లేదనింది" అయి కూర్చుంది.

ఎదురింటి శివమ్మ బోండాలు అమ్ముతుంది. హుమేరాకు అక్కకంటే ఎక్కువ. నోరు మాత్రం నూనె మూకుడే, పక్కన నిలబడినవాళ్ల మీద చిందుతుంది.

"ఏమ్మే హుమేరా, గాజులు తొడగమంటే చేతులు నొప్పి. బిర్యానీ ముక్క పట్టుకోమంటే నొప్పి లేదే?" అని నలుగురిలో అంది. నలుగురూ నవ్వారు. హుమేరా కూడా నవ్వింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

సంక్రాంతి దాటాక ఒక పొద్దు గాజుల పెట్టె ఆమె చేతుల్లోంచి జారింది. కొత్త సరుకు. గదంతా ఆకుపచ్చ పెంకులే. జిలాని చీపురు తీసుకుని ఊడ్చాడు. ఊడ్చి, చేట గోడకు ఆనించి అన్నాడు:

"ఇంకోసారి పోదాం పా."

"ఏమీ లేదని చెప్పింది కదా."

"ఏమీ లేకపోతే పెట్టె ఏంటికి పడింది?"

రెండోసారీ అదే తంతు. అదే ఇస్త్రీ చీర, అదే బిళ్ళ. ఇంద్రజ చేతులు తిప్పి చూసింది.

"ఇప్పుడు నొప్పి ఉందా?"

"ఇప్పుడు లేదు మేడమ్."

"వాపు?"

"నిన్న ఉండె. ఇప్పుడు తగ్గింది."

"ఎట్లా తగ్గింది?"

"నంద్యాలకు వచ్చేటప్పుడు తగ్గుతాది మేడమ్."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "నంద్యాల బస్సెక్కితే తగ్గే రోగం నేనింతవరకు చూడలేదమ్మా. ఏం మందులు వాడుతున్నావ్?"

"ఏం లేదు మేడమ్."

"ఏం లేదు మేడమ్, అల్లా తోడు" అన్నాడు జిలాని. "ఉత్త బస్సు బిళ్ళే."

"ఏం బిళ్ళ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది మందు అని వాళ్లకు నిజంగా తోచలేదు. టిక్కెట్టు లాంటిది. బస్సెక్కితే తీసుకుంటారు. జిలాని జేబులోంచి, తిరుగు ప్రయాణానికని ఉంచిన కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఇంద్రజ బిళ్ళను వెలుతురులో పెట్టి చూసింది. కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. ఆఖరికి రెండూ కాకుండా నిట్టూర్చింది.

"స్టెరాయిడ్ లాగా ఉంది. ఇల్లు అలికి ముగ్గేసి, నిన్న దొంగ పడ్డాడు అడుగులు చూడండి అంటే పోలీసోడు ఏం చూస్తాడమ్మా? నువ్వు నా ముందుకొచ్చిన రెండుసార్లూ అలికేసి వచ్చినావ్."

హుమేరా తల దించుకుంది.

"తల దించుకోవద్దు. పోయినసారి ఈ ప్రశ్న నేనే అడగాల్సింది. అడగలేదు. ఇది ఎన్నాళ్లకొకసారి వేసుకుంటావ్? రోజూ వేసుకునేదైతే ఉన్నట్టుండి మానకూడదు, చెప్పు."

"పని ఉన్నప్పుడు ఒకటి మేడమ్. ఒక్కో వారం ఉండనే ఉండదు."

"సరే. రక్తం ఈ రోజే ఇచ్చిపో, చేతులకు ఎక్స్‌రే ఫోటో తీయించుకో. కాగితాలు చూస్తే సరిపోదు, నీ చేతులు నా కళ్లతో చూడాలి. పది రోజులు ఈ బిళ్ళ ముట్టొద్దు. నీరసంగా ఉన్నా, కళ్లు తిరిగినా ఆగకుండా వచ్చెయ్. లేకుంటే పది రోజుల తర్వాత పొద్దున్నే రా. లేచింది లేచినట్టు రావాలి. తల దువ్వుకోలేకపోతే దువ్వకుండా రా."

జిలాని గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఆ మధ్యలో ఒక శ్రీమంతం ఉండాది. ఆ ఒక్కనాడు..."

"ఆ ఒక్కనాడు కూడా వద్దు." డాక్టరమ్మ హుమేరా వైపే చూస్తూ చెప్పింది. "నేను అనుకునేదే అయితే, ఆలస్యమైన కొద్దీ వేలు వంకర పోతుంది. పోయిన వేలును నేను తిప్పలేను. పోకముందైతే ఆపడానికి మందు ఉంది. అది మొదలుపెట్టాలంటే ముందు రోగం నాకు కనపడాలి."

ఆ శ్రీమంతం ఎవరిదో కాదు, శివమ్మ కూతురు సుప్రియది. పెళ్లినాడు పిల్లకు గాజులు తొడిగింది హుమేరా. పెళ్లిగాజులు తొడిగిన చెయ్యే శ్రీమంతానికీ మొదటి గాజు తొడగాలని ఆ ఇళ్లల్లో పట్టింపు. పిల్లను ఇచ్చింది కోయిలకుంట్లకు. పప్పుశనగ పండించే ఇల్లు, అత్త మల్లమ్మ గట్టి మనిషి. వాళ్ల ముందు చెయ్యి వణికితే ఆళ్లగడ్డలో గాజులమ్మ పని అయిపోయినట్టే. ఒక్క గాజు పగిలిందంటే చాలు, ఆ మాట ప్రతి ఇంటికీ నడిచిపోతుంది.

బిళ్ళ మానేసిన మూడో పొద్దుకే చేతులు పూరీల్లా పొంగాయి. మణికట్టు ఎర్రబడి వేడి పుట్టింది. అన్నం జిలాని కలిపి పెట్టాడు. బయటివాళ్లకు కనపడకుండా చేతుల మీద కొంగు కప్పుకుని కూర్చునేది. వీధి తెలివి అలాంటిది. చేతులు బాగుంటే నాటకం అంటుంది, వాచితే పని రాదు అంటుంది.

శ్రీమంతానికి ముందురోజు జీవరత్నం వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నంద్యాలమ్మ నా బిళ్ళ వద్దనిందంట?"

"పది రోజులు మాత్రం వద్దనింది సారు."

"మంచిదే. ఆమె పెద్ద చదువు చదివింది. గానీ రేపు శివమ్మ ఇంట్లో పని చేసేది ఆమె కాదు, నువ్వు." కాగితం పొట్లం గుమ్మం పక్క గూట్లో పెట్టాడు. "నేనేం అమ్ముకోనీకి వచ్చినానా? దుడ్లు కూడా వద్దు. నీ పని నిలబడాలని ఇస్తాండా."

అబద్ధం చెప్పలేదు. ఆయన మంచితనంతోనే ఇచ్చాడు. మంచితనంతో చేసిన చెరుపును పట్టుకోవడమే కష్టం.

శ్రీమంతం నాటి పొద్దున హుమేరా ఆ పొట్లం చేతిలోకి తీసుకుంది. కాగితం మడత విప్పడానికి వేళ్లు వంగలేదు. పళ్లతో లాగబోయి ఆగింది. జిలాని చూస్తున్నాడు.

"విప్పాల్నా?" అన్నాడు.

ఆమె పొట్లాన్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది.

"వేసుకో. ఇంకో పది రోజులు మొదట్నుంచి లెక్క పెట్టుకుందాం. నేను మేడమ్‌కు చెప్తాలే."

"ఇంకో పది రోజులకు ఇంకో పెళ్లి వస్తాది. అప్పుడు కూడా నువ్వే విప్పుతావ్." పొట్లం అతని చేతిలో పెట్టింది. "యాడన్నా పడెయ్. నాకు కనపడేచోట మాత్రం వద్దు."

జిలాని ఆ పొట్లాన్ని మురుగు కాలువలో వేసి వచ్చాడు.

శివమ్మ ఇంట్లో జనం నిండిపోయారు. సుప్రియను చాప మీద కూర్చోబెట్టారు. ఏడో నెల కడుపు, నీరు పట్టిన చేతులు. హుమేరా ఎదురుగా కూర్చుంది. ఆకుపచ్చ గాజు తీసుకుని పిల్ల బొటనవేలిని మడిచింది. మడవబోయింది. పట్టు లేదు. గాజు కణుపు దాకా పోయి ఆగింది. ఇంకొంచెం ఒత్తింది. ఠప్పుమంది.

ఎవరో "అయ్యో" అన్నారు. పాటలు ఆగిపోయాయి.

రెండో గాజు తీసింది. అదీ పగిలింది. సుప్రియ చేతి మీద సన్నగా రక్తం గీత పడింది.

మల్లమ్మ లేచి నిలబడింది. "ఏమమ్మా శివమ్మా, ఊర్లో ఇంకెవరూ దొరకలేదా? కడుపుతో ఉండే పిల్ల చేతిలో గాజు పగలగొడ్తారా? ఏం శకునమిది?"

హుమేరా లేవబోయింది. లేవడానికి చెయ్యి నేల మీద ఆన్చి "యా అల్లా" అని కూలబడింది. కొంగు జారింది. అప్పుడు చూశారు అందరూ ఆ చేతుల్ని.

శివమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. పొయ్యి మీది గిన్నె ముట్టినట్టు వదిలేసింది. మళ్లీ మెల్లగా పట్టుకుంది.

"ఏందే ఇది! ఇట్ల కాలిపోతాందే! ఏంటికి చెప్పలేదే నాకు?"

"చెప్తే బిర్యానీ అంటావని."

శివమ్మ మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. అక్కడ దొరికినామె మల్లమ్మ. ఇంక ఆమె మీద పడింది.

"శకునం అంటాండావా వదినా? గాజు పగిలితే గాజు పగిలింది. పిల్ల కడుపు చల్లగా ఉండాది కదా? మనిషి చేతులు పగిలిపోతాంటే నీకు గాజు కనపడిందా?"

"నేను పిల్ల మంచికే..."

"పిల్ల మంచి పిల్లనే అడుగుదాం ఉండు."

సుప్రియ అప్పటికే తన చెయ్యిని హుమేరా చెయ్యి పక్కన పెట్టి చూస్తోంది. "చిన్నమ్మా, నాదే లావు అనుకుంటి. నన్ను మించిపోయినావే! నీకెన్నో నెల?"

ముందు ఒక ముసలామె పకపకా నవ్వింది. తర్వాత ఆడవాళ్లంతా నవ్వారు. మల్లమ్మకు కూడా మూతి చివర కదిలింది.

"నువ్వు గాజు పట్టుకో చిన్నమ్మా. ఉత్తగా పట్టుకో. నేనే చెయ్యి దూరుస్తా" అంది సుప్రియ. పెద్ద సైజు గాజు తీయించి, చేతికి సబ్బునురగ పూయించుకుని, హుమేరా రెండు అరచేతుల మధ్య నిలబెట్టి పట్టుకున్న గాజులోకి తన చెయ్యి తానే మెల్లగా దూర్చుకుంది. పగల్లేదు. మొదటి గాజు పడింది. మిగతావి ముత్తయిదువలు తలా ఒకటి తొడిగారు. మల్లమ్మ కూడా ఒకటి తొడిగింది, కొంచెం ముక్కుతూ.

అయినా మాట వీధి దాటింది. సాయంత్రానికే పెళ్లివాళ్లు ఒకరు కబురు పెట్టారు, గాజులకు కోయిలకుంట్ల నుంచి ఇంకెవరినో పిలుచుకుంటున్నాం, ఏమనుకోవద్దు అని. హుమేరా ఏమీ అనుకోలేదు అంటే అబద్ధం. అన్నం తినలేదు.

డాక్టరమ్మ చెప్పిన గడువు నిండిన పొద్దున, బిళ్ళ లేకుండా బస్సు తట్టుకోలేదని జిలాని ఆటో తీశాడు. హుమేరా నలగని చీర కట్టుకోబోతుంటే శివమ్మ వచ్చి పడింది. తానూ వస్తానంది. రావద్దంటే వినే మనిషి కాదు.

"ఏంటికే ఆ చీర? ఒంటి మీదిది చాలు. మొహం కూడా కడగొద్దు, కంటి పుసులతోనే రా. డాక్టరమ్మ అడిగింది అదే కదా."

"మొహం కడుక్కుంటే రోగం పోదులే అక్కా."

"ఏమో, నీ రోగం సిగ్గు రోగం. నీళ్లు చూస్తే దాక్కుంటాదేమో."

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా హుమేరా చేతులు దిండు మీద పెట్టుకుని కూర్చుంది. శిరివెళ్ల దగ్గర గతుకుల్లో పళ్లు కొరుక్కుంది. "మెల్లగా పోనియ్యప్పా" అని శివమ్మ, "ఇంకా మెల్లగా అంటే తోసుకుంటా పోవాల అక్కా" అని జిలాని. దోవంతా వాళ్ల కొట్లాటే. నొప్పి మీదికి ధ్యాస పోకుండా అదొకందుకు మంచిదే అయింది.

ఇంద్రజ ఆ చేతులు చూసింది. రెండు మణికట్లూ, వేళ్ల మొదళ్లూ, నడిమి కణుపులూ ఒక్కొక్కటే నొక్కింది. నొక్కినప్పుడల్లా హుమేరా కేకపెట్టింది. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. వాపు చూసి అంత సంతోషపడిన మనిషిని హుమేరా అంతవరకూ చూడలేదు.

"శభాష్. ఇప్పుడు దొరికింది."

రక్తం కాగితాలు తెప్పించింది. అవీ అదే చెప్పాయి. ఫోటోలో ఎముక ఇంకా చెడలేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంది. వట్టి జ్వరం నొప్పులు కావు అంది.

"అయితే ఆ దోమే చేసిందా మేడమ్ ఇదంతా?" అని అడిగాడు జిలాని.

"ఒట్టేసి చెప్పలేనయ్యా. కొంతమంది ఒంట్లో ఈ గుణం ముందే నిద్రపోతూ ఉంటుంది. కొన్ని జ్వరాలు దాన్ని లేపుతాయేమో అని మాకు అనుమానం. దాని మీద ఇంకా పని చేస్తున్నారు, ఇదమిత్థంగా తేలలేదు. అదే జ్వరం వచ్చినవాళ్లలో చాలామందికి నొప్పులు వాటంతట అవే పోతాయి. ఈమెకు పోలేదు. అది మటుకు కళ్లకు కనపడుతోంది."

"లేస్తే ఏమయితాది?"

"పంది చేలో పడిందని కావలివాళ్లను పెట్టుకున్నావనుకో. పంది పోయింది. వీళ్లు మాత్రం చీకట్లో కదిలిందల్లా పందే అనుకుని నీ చేనునే తొక్కుతున్నారు. ఒంట్లో ఉండే కావలి అట్లా తిరగబడి కీళ్ల మీద పడింది."

శివమ్మ తల ఊపింది. "తెలిసింది మేడమ్. మా పక్క, కొట్లాటకని మనుషుల్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటాండ్రి ఒకప్పుడు. కొట్లాట అయిపోయినాక కూడా వాళ్లు పోరు. వండి పెట్టలేక సచ్చేది ఇంట్లోవాళ్లే."

"అదే" అంది డాక్టరమ్మ, నవ్వాపుకుంటూ. "ఇప్పుడు వాళ్లను నెమ్మది చేసే మందు ఇస్తా. వారానికి ఒక్క రోజే. ఏ రోజు వేసుకుంటావ్?"

"శుక్రవారం" అంది హుమేరా.

"శుక్రవారం తప్ప ఇంకో రోజు వేసుకోకూడదు. తగ్గుతోంది కదా అని రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకో బిళ్ళ వేరే రోజున. చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష. బిడ్డలు కావాలనుకుంటే ముందే నాకు చెప్పాలి."

"ఇప్పుడేం బిడ్డలు మేడమ్!" అంది హుమేరా సిగ్గుపడి.

"అడగండి మేడమ్, అడగండి. కొక్కాలు కూడా ఈయప్పే పెడ్తాండాడు" అంది శివమ్మ. జిలాని బయటికి పోయాడు.

"ఈ మందు నత్త. వెంటనే ఏమీ తెలియదు. విసుగొస్తుంది, అయినా మానొద్దు. అందాకా నొప్పికి ఇది కొన్నాళ్లు" అని ఇంకో చీటీ రాసి, ఒక బిళ్ళ తీసి చూపించింది.

హుమేరా బిళ్ళను చూసి గుర్తుపట్టింది. "ఇది బస్సు బిళ్ళే కదా మేడమ్?"

"దాని జాతిదే. అది విషం కాదమ్మా. ఇక్కడ కొలత నాది, గడువు నాది. ఇద్దరికీ తెలిసి వేసుకుంటున్నావ్. తేడా అంతే."

నత్త అన్న మాట నిజమే. ఒక శుక్రవారం పోయింది, ఇంకోటి పోయింది. కడుపులో తిప్పేది. పని లేదు. జిలాని రాత్రి బాడుగలకు కూడా పోయాడు. మానేస్తాను అని రెండుసార్లు అంది. శివమ్మ బోండాల మూకుడు దింపి మరీ వచ్చి బూతులు తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయడం కుదరదు. గానీ మందు మింగించాయి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున జిలాని ఎప్పటిలాగే కొక్కాలు పెట్టడానికి వెనక నిలబడ్డాడు. చూస్తే పెట్టే ఉన్నాయి. కింది రెండు వంకరగా ఉన్నాయి. అయినా పెట్టే ఉన్నాయి.

"ఎవరు పెట్టినారు?"

"ఎవరో వచ్చి పెట్టి పోయినారు" అంది హుమేరా, అతని వైపు తిరగకుండా.

"అయితే నా పని పాయనా?"

"పాయె. పోయి ఆటో తుడుచుకో."

అతను ఆటో తుడవలేదు. కాసేపు అక్కడే నిలబడి ఆమె పిండి కలపడం చూశాడు.

సుప్రియకు ఆడపిల్ల పుట్టింది. హుమేరా మళ్లీ గుమ్మంలో గాజుల పెట్టె తెరిచింది. మునుపటి పట్టు మొత్తం రాలేదు. చలిరోజు కొంచెం మొరాయిస్తాయి వేళ్లు. అలాంటప్పుడు దాచదు, "ఈ పూట కాదు, ఎండెక్కినాక రా" అంటుంది. వచ్చేవాళ్లు వస్తున్నారు. కోయిలకుంట్ల మనిషిని పిలుచుకున్న పెళ్లివాళ్లు ఈసారి చిన్న కూతురికి ఆమెనే అడిగారు. హుమేరా వాళ్లను కాసేపు నిలబెట్టి, తర్వాత ఒప్పుకుంది. నిలబెట్టడం న్యాయమే.

గాజులకు వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఒక మాట అడగడం మాత్రం అలవాటు చేసుకుంది. "పొద్దన్నే పిడికిలి పడ్తాందా?" చాలామంది పడుతుంది అన్నారు. పడదు అన్న ఇద్దరిని జిలాని ఆటోలో నంద్యాల పంపించింది. ఒకామెకు ఏమీ లేదు, ఉత్త నొప్పులే, కాలం మీద పోతాయని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఇంకొకామెకు శుక్రవారం మందు మొదలైంది.

ఒక తెల్లవారుజామున ఎవరో తలుపు కొట్టారు. తీస్తే జీవరత్నం. తల చెదిరి ఉంది. లుంగీ మీదే వచ్చాడు. ఎడమ చెయ్యి తువ్వాలులో చుట్టుకున్నాడు.

"జిలాని ఉన్నాడా? నంద్యాలకు..." అని ఆగాడు.

హుమేరా తువ్వాలు విప్పి చూసింది. కణుపులు పొంగి ఉన్నాయి. రెండో చెయ్యి అడిగింది. అదీ అంతే.

"ఎన్నాళ్లనుంచి సారు?"

"మీతో పాటే వచ్చింది నాకూ ఆ జ్వరం. సూదిమందు వేసేవాని చెయ్యి వాచిందంటే ఎవరొస్తారమ్మా నా దగ్గరికి? అదే మింగుకుంటా వస్తాండా." గోడకు ఆనుకున్నాడు. "మొన్న సూది పట్టుకుంటే జారింది. భయమాయె."

ఆమెకు కోపం రావాల్సింది. రాలేదు. లోపలికి కేకేసింది, "ఏమయ్యా, బేగా లే! ఆటో తియ్యి!" శివమ్మ ఎదురింట్లోంచి తొంగి చూసి, సంగతి అర్థమై, తలుపు తాళం వేసుకుని వచ్చేసింది.

జీవరత్నం ఆటో ఎక్కబోతుంటే హుమేరా అడ్డం నిలబడింది.

"సారూ, రొండిన ఏముండాది?"

"ఏం లేదు."

"చూపించు."

ఆయన ఎటో చూస్తూ లుంగీ మడతలోంచి కాగితం పొట్లం తీశాడు. "దోవలో తట్టుకోలేనేమోనని హుమేరా. వేసుకోలేదు, ప్రమాణంగా. ఉత్తగా పెట్టుకున్నా. మేడమ్‌ను అడగకుండా ఆపితే కూడా ఇబ్బందే కదా, రోజూ వేసుకునేవాణ్ణి."

హుమేరా ఆలోచించింది. నిజమే. రోజూ వేసుకునేదైతే ఉన్నట్టుండి మానకూడదని డాక్టరమ్మ తనతోనే అంది.

"అయితే పారెయ్యొద్దు. మేడమ్ బల్ల మీద పెట్టు. పొద్దన ఎంత, రాత్రి ఎంత, ఎన్నాళ్లనుంచి, అంతా చెప్పు. వేసుకోమంటే ఆమె ముందే వేసుకో."

"చదువుకున్నామె. నన్ను తిడ్తాది."

"తిడ్తాది" అంది శివమ్మ పక్కకు జరిగి చోటిస్తూ. "తిట్టినాక మందిస్తాది. నేనూ అంతే కదా, తిట్టినాక బోండా పెడ్తా. ఎక్కు సారూ."

ఆయన ఎక్కాడు, వెనకే హుమేరా కూడా. జిలాని ఆటో వీధి మలుపు తిప్పాడు. మురుగు కాలువ మీది బండ దగ్గర చక్రం ఎగిరిపడింది. జీవరత్నం పళ్లు బిగించి అరుపు మింగబోయాడు.

"మింగొద్దు సారూ" అంది హుమేరా. "గట్టిగా అరువు."

జీవరత్నం అరిచాడు. ఆటో నంద్యాల రోడ్డెక్కింది.